మౌంట్ శాన్ జసింటో స్టేట్ పార్కులో క్యాంపింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పార్కు ఎక్కడుంది? ఎంత ఎత్తు?

దక్షిణ కాలిఫోర్నియాలో, రివర్‌సైడ్ కౌంటీలో ఉంది. తూర్పున కింద పామ్ స్ప్రింగ్స్ ఎడారి, పడమటి వాలులో పైన్ చెట్ల మధ్య ఐడిల్‌వైల్డ్ అనే చిన్న ఊరు, నడుమ శాన్ జసింటో శిఖరం. శిఖరం ఎత్తు 10,834 అడుగులు, అంటే 3,302 మీటర్లు. మన తూర్పు కనుమల్లో అన్నిటికన్నా ఎత్తయిన అర్మ కొండ, జిందగడ లాంటివి 1,700 మీటర్లు దాటవు. ఇక్కడ కారు దిగి టెంటు వేసుకునే చోటే దాదాపు అంత ఎత్తులో ఉంటుంది. కింద చెప్పే చలి, వంట, తలనొప్పి సంగతులన్నీ ఆ ఎత్తు వల్ల వచ్చేవే.

ఐడిల్‌వైల్డ్ వైపు వెళ్లాలా, పామ్ స్ప్రింగ్స్ వైపు వెళ్లాలా?

అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇదే. పార్కు పేరు ఒకటే అయినా దారులు రెండు, అవి ఎక్కడా కలవవు. ఒకవైపు నుంచి ఇంకోవైపుకి పైన కాలిబాట ఉంది గానీ కారు రోడ్డు లేదు. ఐడిల్‌వైల్డ్‌లో సైటు (టెంటు వేసుకునే చోటు) బుక్ చేసుకుని జీపీఎస్‌లో పార్కు పేరు కొడితే అది మిమ్మల్ని పామ్ స్ప్రింగ్స్ ట్రామ్ (తీగల మీద కొండెక్కే రోప్‌వే) స్టేషన్‌కి తీసుకుపోవచ్చు. అక్కడి నుంచి కొండ చుట్టూ తిరిగి రావడానికి గంటకు పైనే పడుతుంది. అందుకని జీపీఎస్‌లో పార్కు పేరు కాకుండా క్యాంప్‌గ్రౌండ్ పేరే కొట్టండి.

కారు పక్కన టెంటు, బల్ల, చలిమంట, పిల్లలు, కుక్కర్ ఉండే క్యాంపింగ్ కావాలంటే ఐడిల్‌వైల్డ్ వైపు రండి. వీపున సామాను మోసుకుని నడిచి, రోడ్డు లేని అడవిలో పడుకోవాలంటే ట్రామ్ ఎక్కండి. ట్రామ్ ఎక్కి పైన కారు క్యాంపింగ్ చేయడమనేది లేదు, పైకి కారే రాదు.

ఐడిల్‌వైల్డ్‌కి ఏ దారిన రావాలి?

ఐ-10 ఫ్రీవే మీద బ్యానింగ్ దగ్గర దిగి హైవే 243 ఎక్కితే సుమారు 25 మైళ్లు. శాన్ డియాగో వైపు నుంచి వచ్చేవాళ్లకు హెమెట్ మీదుగా హైవే 74 పట్టుకుని, మౌంటెన్ సెంటర్ దగ్గర 243లోకి తిరగడం సులువు. రెండూ మలుపుల రోడ్లే. కారులో వాంతులు చేసుకునే పిల్లలుంటే భారీ టిఫిన్ పెట్టి బయల్దేరకండి, ముందు సీటు వాళ్లకివ్వలేరు కాబట్టి వెనక మధ్య సీట్లో కూర్చోబెట్టి ముందుకు చూడమనండి. 2019 ఫిబ్రవరి 14న కురిసిన వానకి ఈ రెండు రోడ్లూ చాలాచోట్ల కొట్టుకుపోయి నెలల తరబడి మూతపడ్డాయి. వానాకాలంలోనూ, మంచు రోజుల్లోనూ బయల్దేరే ముందు కాల్‌ట్రాన్స్ (రాష్ట్ర రవాణా శాఖ) రోడ్డు సమాచారం చూసుకోవడం తప్పనిసరి.

కారు క్యాంపింగ్‌కి ఏ క్యాంప్‌గ్రౌండ్ మంచిది?

రెండున్నాయి. ఐడిల్‌వైల్డ్ క్యాంప్‌గ్రౌండ్ ఊరి అంచునే, సుమారు 5,400 అడుగుల ఎత్తులో ఉంది. షవర్లు, ఫ్లష్ మరుగుదొడ్లు ఉంటాయి. పాలు, ఐసు మరిచిపోతే నడిచి వెళ్లి తెచ్చుకోవచ్చు. సైట్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, పక్కవాళ్ల మాటలు వినబడతాయి.

స్టోన్ క్రీక్ క్యాంప్‌గ్రౌండ్ హైవే 243 మీద ఊరికి ఉత్తరాన ఆరు మైళ్ల దూరంలో, ఇంకాస్త ఎత్తులో ఉంది. నిశ్శబ్దం ఎక్కువ, చెట్లు ఎక్కువ, రాత్రి నక్షత్రాలు బాగా కనిపిస్తాయి. షవర్లు లేవు, గుంట మరుగుదొడ్లే. చలికాలంలో మూసేస్తారు.

మొదటిసారి వచ్చేవాళ్లు, అమ్మానాన్నలను ఇండియా నుంచి తీసుకొచ్చినవాళ్లు ఐడిల్‌వైల్డ్ తీసుకోండి. ఒకటి రెండు సార్లు టెంట్లో పడుకున్న అనుభవం ఉంటే స్టోన్ క్రీకే మేలని మా అభిప్రాయం.

సైటు ఎప్పుడు బుక్ చేయాలి?

రిజర్వ్ కాలిఫోర్నియా వెబ్‌సైటులో ఆరు నెలల ముందు, అదే తేదీన ఉదయం 8 గంటలకు బుకింగ్ తెరుచుకుంటుంది. జులై 10 కావాలంటే జనవరి 10న ఉదయం 8కి కంప్యూటర్ ముందు ఉండాలి. వేసవి శుక్ర, శనివారాలు చాలా త్వరగా అయిపోతాయి. ముందే ఖాతా తెరిచి, కార్డు వివరాలు పెట్టుకుని, రెండు మూడు సైటు నంబర్లు రాసి ఉంచుకోండి. ఒక్క సైటు మీదే ఆశ పెట్టుకుంటే అది పోయేసరికి మిగిలినవీ పోతాయి.

దొరక్కపోతే ఆదివారం నుంచి గురువారం వరకు చూడండి. వారాంతానికి వారం పది రోజుల ముందు రద్దయినవి కూడా మళ్లీ కనిపిస్తుంటాయి.

నాలుగు కుటుంబాలం కలిసి వస్తున్నాం, ఒక సైటు సరిపోతుందా?

సరిపోదు. కాలిఫోర్నియా స్టేట్ పార్కుల్లో మామూలు సైటుకి ఎనిమిది మందే, చంటిపిల్లలు కూడా లెక్కలోకి వస్తారు. నాలుగు కుటుంబాలకు కనీసం రెండు సైట్లు, కార్లను బట్టి మూడు కావాలి. రెండో కారుకి విడిగా రుసుము ఉంటుంది, కొన్ని సైట్లలో రెండో కారుకి చోటే ఉండదు. మధ్యాహ్నం 2 తర్వాత లోపలికి రావాలి, మర్నాడు 12 కల్లా ఖాళీ చేయాలి.

రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నిశ్శబ్దం పాటించాలి. అంత్యాక్షరి, స్పీకరు పది లోపే ముగించండి.

అడవిలో పడుకోవడానికి పర్మిట్ కావాలా?

కావాలి. పార్కులో అధిక భాగం వైల్డర్‌నెస్, అంటే రోడ్లు, వాహనాలు లేకుండా వదిలేసిన అడవి. పగలు నడిచి వచ్చేసినా పర్మిట్ ఉండాల్సిందే. అది ఉచితం. ట్రామ్ దిగాక లాంగ్ వ్యాలీ రేంజర్ స్టేషన్ దగ్గర నింపి తీసుకోవచ్చు. ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. ఎవరైనా తిరిగి రాకపోతే ఎక్కడ వెతకాలో రేంజర్లకు తెలిసేది ఆ కాగితం వల్లే. అందుకని "శిఖరం" అని రాసి ఇంకో దారిలోకి పోకండి.

రాత్రి ఉండటానికి విడిగా, ముందే దరఖాస్తు చేసుకోవాలి, మనిషికి ఇంతని చిన్న రుసుము ఉంటుంది. స్టేట్ పార్కు వైల్డర్‌నెస్‌లో నచ్చిన చోట టెంటు వేయకూడదు. రౌండ్ వ్యాలీ, తమరాక్ వ్యాలీ, స్ట్రాబెరీ జంక్షన్, లిటిల్ రౌండ్ వ్యాలీ అనే నాలుగు చోట్ల గుర్తించిన సైట్లలోనే వేయాలి. చుట్టూ ఉన్న శాన్ బెర్నార్డినో నేషనల్ ఫారెస్టు పర్మిట్లు వేరు. మీరు పడుకునే చోటు ఎవరి పరిధిలో ఉందో చూసుకుని వాళ్ల దగ్గరే తీసుకోవాలి.

మొదటిసారి బ్యాక్‌ప్యాకింగ్ చేసేవాళ్లకు ఏది తేలిక?

రౌండ్ వ్యాలీ. ట్రామ్ స్టేషన్ నుంచి రెండు మైళ్లకు కాస్త పైగా, ఆరేడు వందల అడుగుల ఎక్కుడు. బరువుతో గంటన్నర, రెండు గంటలు. దక్షిణ కాలిఫోర్నియాలో 9,000 అడుగుల ఎత్తున ఇంత తక్కువ నడకతో పడుకునే చోటు దొరకడం అరుదు. తమరాక్ అక్కడికి అర మైలు అవతల, జనం తక్కువ. స్ట్రాబెరీ జంక్షన్, లిటిల్ రౌండ్ వ్యాలీ ఐడిల్‌వైల్డ్ వైపు నుంచి డీర్ స్ప్రింగ్స్ దారిలో వస్తాయి, ఆ ఎక్కుడు గట్టిగానే ఉంటుంది.

ట్రామ్ గురించి చెప్పండి.

పామ్ స్ప్రింగ్స్ ఏరియల్ ట్రామ్‌వే 1963లో మొదలైంది. 2,643 అడుగుల దగ్గర ఎక్కితే సుమారు పది నిమిషాల్లో 8,516 అడుగుల దగ్గర దింపుతుంది. ట్రామ్ పెట్టెలో (దాన్నీ కారు అనే అంటారు) 80 మంది పడతారు. నేల మెల్లగా గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి కిటికీ పక్క చోటు కోసం తోసుకోనక్కర్లేదు. తీగలను మోసే స్తంభాలు అయిదు. ఒక్కోటి దాటేటప్పుడు కారు ఊగుతుంది, అందరూ ఒక్కసారి కేక వేస్తారు.

టికెట్ వేరు, పర్మిట్ వేరు. టికెట్ కొన్నంత మాత్రాన అడవిలో పడుకోవచ్చని కాదు. గాలి ఎక్కువైతే ట్రామ్ ఆపేస్తారు. ఏటా శరదృతువు దరిదాపుల్లో మరమ్మతులకి కొన్ని వారాలు మూసేస్తారు, సెప్టెంబరులో ప్లాన్ చేసేవాళ్లు ముందే చూసుకోవాలి. పగటి నడకకి వెళ్లేవాళ్లు కిందికి దిగే ఆఖరి కారు సమయం ఫోనులో ఫొటో తీసుకోండి.

కింద 42 డిగ్రీలున్నా పైన 22 ఉండొచ్చు. నిక్కర్లు, చెప్పులతో ఎక్కి పైన వణికేవాళ్లు ప్రతి వారాంతం కనిపిస్తారు.

రాత్రి ఎంత చలి ఉంటుంది?

ఐడిల్‌వైల్డ్‌లో జులై రాత్రులు 10 నుంచి 13 డిగ్రీల సెల్సియస్. మే, అక్టోబరుల్లో 5 దగ్గరికి దిగుతుంది. రౌండ్ వ్యాలీలో ఆగస్టులో కూడా తెల్లవారుజామున 5 డిగ్రీలు మామూలే, సెప్టెంబరు చివరికి నీళ్ల సీసాలో పైన ఐసు పెంకు కడుతుంది. ప్రతి వెయ్యి అడుగులకి సుమారు 2 డిగ్రీలు తగ్గుతుందని లెక్క వేసుకోండి. రౌండ్ వ్యాలీ లాంటి లోయల్లో రాత్రి చల్లగాలి కిందికి జారి పేరుకుంటుంది కాబట్టి లెక్క కన్నా ఇంకాస్త తక్కువే ఉంటుంది.

స్లీపింగ్ బ్యాగు మీద రెండు అంకెలుంటాయి. కంఫర్ట్ అన్నదే చూడండి. లిమిట్ అన్నది ముడుచుకుని ఎలాగో రాత్రి గడిపేసే చలి. ఐడిల్‌వైల్డ్ వేసవికి కంఫర్ట్ 5 డిగ్రీలది, పైకి వెళ్తే 0 డిగ్రీలది కావాలి.

మంచి స్లీపింగ్ బ్యాగున్నా చలేసింది, ఎందుకు?

కింద వేసుకున్నదాని వల్ల. మీ బరువుకి బ్యాగులో వీపు కిందున్న దూది అణిగిపోయి వెచ్చదనం ఇవ్వదు, నేల వేడిని లాగేస్తుంది. ఇంట్లో చుట్టాల కోసం ఉంచుకునే రెండడుగుల ఎత్తు గాలి పరుపు ఇంకా ఘోరం. లోపలి గాలి అటూ ఇటూ కదులుతూ రాత్రంతా మిమ్మల్ని చల్లబరుస్తుంది, పైగా చలికి గాలి కుంచించుకుని తెల్లారేసరికి మెత్తబడుతుంది. పరుపు మీద ఆర్ వాల్యూ అని రాసుంటుంది, అది నేల చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె. వేసవికి 3, వసంతానికి, శరత్తుకి 4 కన్నా ఎక్కువ ఉండాలి. గాలి పరుపే ఉంటే దాని పైన దళసరి దుప్పటి పరవండి. కింద కాదు, పైన.

పడుకునే ముందు పగటి బట్టలు మార్చేయండి. చెమట పట్టిన నూలు బనీను రాత్రికి ఐసులా అవుతుంది. పొడి ఊలు సాక్సు ఒక జత పడక కోసమే అట్టిపెట్టుకోండి. తలకి మంకీ క్యాప్ పెట్టుకోండి, ఊళ్లో తాతయ్యలు పెట్టుకునేదే, ఇక్కడ ఎవరూ నవ్వరు.

టెంటు విషయంలో ఏం జాగ్రత్తలు?

ఇంటి దగ్గర ఒకసారి వేసి చూడండి. కర్రలు, మేకులు, పైకప్పు గుడ్డ అన్నీ ఉన్నాయో లేదో అక్కడే తెలియాలి. ఇక్కడి నేల పైన పైన్ సూదులు, కింద గ్రానైట్ గరుసు. టెంటుతో వచ్చే సన్నటి మేకులు వంగిపోతాయి. గట్టి ఇనుప మేకులు పన్నెండు, ఒక సుత్తి తెచ్చుకోండి. మేకుని టెంటుకి దూరంగా వాల్చి కొట్టాలి.

చదును నేలే చూడండి, గుంట చూడకండి. వాన పడితే నీళ్లు చేరేది గుంటలోకే. తల పైకెత్తి చూడటం మరవద్దు. ఎండిన కొమ్మలు వేలాడే చెట్టు కింద వేయకూడదు, బెరడు పురుగు వల్ల చచ్చిన చెట్లు ఈ కొండ మీద చాలానే ఉన్నాయి. కింద పరిచే పట్టా టెంటు అంచు దాటి బయటికి రాకూడదు. వస్తే వాన నీళ్లను పట్టి టెంటు కిందికే పంపుతుంది.

చలికి కిటికీలన్నీ మూసేస్తే మీ ఊపిరి తడి లోపలి గోడకి పట్టి పొద్దున నీళ్లు కారుతుంది. పైన వెంటిలేటర్లు తెరిచే ఉంచండి. పది మంది పట్టే ఎత్తయిన టెంట్లు గాలికి నిలవాలంటే పక్క తాళ్లు కట్టాల్సిందే.

మా గ్యాస్ స్టవ్ పొద్దున్నే వెలగడం లేదు.

అది బ్యూటేన్ డబ్బా పెట్టే ఒంటి స్టవ్ అయి ఉంటుంది, మన ఇళ్లలో బాల్కనీలో దోసెలకి వాడేది. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది, అయిదారు డిగ్రీలకే మంట నీరసపడుతుంది. డబ్బా పాడవలేదు, చల్లబడిందంతే. రాత్రి దాన్ని స్వెటరులో చుట్టి వెచ్చగా ఉంచితే పొద్దున కాఫీ వరకు పని జరుగుతుంది. వేడినీళ్లలో ముంచడం, మంట దగ్గర పెట్టడం ప్రమాదం, పేలుతుంది.

కారు క్యాంపింగ్‌కి ఆకుపచ్చ ప్రొపేన్ సీసాతో నడిచే రెండు పొయ్యిల స్టవ్ మేలు. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దాకా ఆవిరవుతుంది. ఒక పౌండు సీసా ఒక పొయ్యిని పూర్తి మంట మీద సుమారు రెండు గంటలు నడుపుతుంది. నలుగురికి రెండు రోజుల మన వంటకి మూడు సీసాలు పెట్టుకోండి. బ్యాక్‌ప్యాకింగ్‌కి ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిపిన చిన్న డబ్బాలు సరిపోతాయి.

వాన వచ్చినా, చలేసినా స్టవ్ గానీ బొగ్గుల కుంపటి గానీ టెంటులోకి తేకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

పప్పు ఉడకదు, అన్నం పలుకుగా ఉంటుంది. ఎందుకు?

ఎత్తుకి పోయేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. ఐడిల్‌వైల్డ్‌లో సుమారు 94-95 డిగ్రీలకి, రౌండ్ వ్యాలీలో 91 దగ్గర, శిఖరం మీద 89కే. బయటికి తెర్లుతున్నట్టు కనిపిస్తుంది గానీ అందులో వేడి తక్కువ. మంట పెంచితే నీళ్లు త్వరగా ఇగిరిపోతాయి తప్ప వేడెక్కవు. విడి గిన్నెలో కందిపప్పు గంటన్నర పెట్టినా మెత్తబడకపోవచ్చు.

కారు క్యాంపింగ్‌కి మూడు లీటర్ల ప్రెషర్ కుక్కర్ తెచ్చుకోండి. వెయిట్ పెట్టాక లోపల 117 డిగ్రీల దాకా పోతుంది కాబట్టి ఇంట్లో మూడు విజిల్స్ అయితే ఇక్కడ నాలుగు చాలు. పప్పు గంట నానబెడితే గ్యాసూ మిగులుతుంది. గాలి మంటను పక్కకి తోస్తే కుక్కర్‌కి విజిలే రాదు, మూడు వైపులా అడ్డు పెట్టండి. నాలుగో వైపు తెరిచే ఉంచాలి, లేకపోతే సీసా వేడెక్కుతుంది. అన్నట్టు, తెల్లవారుజామున విజిల్ శబ్దం క్యాంప్‌గ్రౌండ్ అంతా వినిపిస్తుంది. ఏడు తర్వాత పెట్టండి.

నడిచి వెళ్లేవాళ్లు పప్పు సంగతి మరిచిపోండి. అటుకులు, వేయించిన రవ్వతో ఇంట్లో కలిపి తెచ్చుకున్న ఉప్మా పొడి, ఇన్‌స్టంట్ నూడుల్స్ లాంటివి వేడినీళ్లు పోసి మూతపెడితే అయిపోతాయి. ఉప్మా పొడికి నెయ్యితో తాలింపు వేసి, ఉప్పు కలిపి, మనిషికి 100 గ్రాముల చొప్పున సంచుల్లో కట్టుకోండి. ఒక్కో సంచికి 300 మిల్లీలీటర్ల మరిగే నీళ్లు, పది నిమిషాలు.

మొదటి రోజు ఏం వండాలి?

ఏమీ వండకండి. పులిహోర, చపాతీలు, పచ్చడి ఇంటి నుంచే తెచ్చుకోండి. సాయంత్రం చేరి, చీకట్లో టెంటు వేసి, ఆకలితో ఉన్న పిల్లల మధ్య కూర తరగడం నరకం.

కట్టెలు ఇంటి నుంచి తెచ్చుకోవచ్చా?

తేవద్దు. ఓక్ చెట్లను చంపే బంగారు చుక్కల పురుగు ఐడిల్‌వైల్డ్‌లో 2012లో బయటపడింది. అది కట్టెల్లో దాగి ఊళ్లు దాటుతుంది. కట్టెలు ఊళ్లోనో, క్యాంప్‌గ్రౌండ్ చూసుకునే హోస్టు దగ్గరో కొనండి. కింద రాలిన కొమ్మలు ఏరడం కూడా కుదరదు.

చలిమంట ఎప్పుడూ వేసుకోవచ్చా?

క్యాంప్‌గ్రౌండ్లలో ఇనుప చట్రంలోనే, అదీ నిషేధం లేనప్పుడే. వైల్డర్‌నెస్‌లో ఏడాది పొడుగునా కట్టెల మంట నిషేధం, గ్యాస్ స్టవ్ ఒక్కటే వాడాలి. వేసవి చివర్లో క్యాంప్‌గ్రౌండ్లలో కూడా ఆపేయడం మామూలే. 2013 జులైలో మౌంటెన్ ఫైర్ 27 వేల ఎకరాలకు పైగా తగలబెట్టింది, 2018 జులైలో క్రాన్‌స్టన్ ఫైర్ వచ్చింది. రెండుసార్లూ ఐడిల్‌వైల్డ్ ఊరు ఊరంతా ఖాళీ చేయించారు. రేంజర్ మంట వద్దంటే వాదించకండి.

ఆర్పడం చాలామందికి రాదు. పడుకునే అరగంట ముందు కట్టెలు వేయడం ఆపండి. బకెట్టు నీళ్లు మెల్లగా పోసి, కర్రతో కలియబెట్టి, మళ్లీ పోయండి. చెయ్యి వెనక భాగాన్ని బూడిదకి దగ్గరగా పెట్టి చూడండి. వెచ్చగా తగిలినా ఆరనట్టే. మట్టి కప్పితే ఆరదు. లోపల నిప్పు గంటలకొద్దీ దాగి ఉంటుంది, పొద్దున గాలికి లేస్తుంది.

జంతువుల భయం ఉందా?

మీకన్నా మీ తిండికే ఎక్కువ ప్రమాదం. ఉడుతలు, రకూన్లు, నక్కల్లాంటి కయోట్లు రోజూ వచ్చేవే. నల్ల ఎలుగులు ఈ కొండల్లో అరుదుగా కనిపిస్తాయి, కొండ సింహాలు (ప్యూమాలు) ఉన్నాయి గానీ కనబడవు. మసాలా పట్టించిన చికెన్, కొబ్బరినూనె, టూత్‌పేస్ట్, చంటిపిల్లల పాలపొడి వాసన వచ్చేవే, టెంటులో ఉంచకూడదు. కారు డిక్కీలో గానీ సైటులో ఇనుప పెట్టె ఉంటే అందులో గానీ పెట్టి తాళం వేయండి. రౌండ్ వ్యాలీలో ఉడుతలు సంచి గుడ్డను కొరికి లోపలికి దూరతాయి. గట్టి ప్లాస్టిక్ డబ్బా మేలు.

కుళాయి కింద గిన్నెలు తోమకండి. జిడ్డు, అన్నం మెతుకులు అక్కడ పేరుకుంటే రాత్రికి రకూన్ల పంక్తిభోజనమే. టబ్బులో తోమి, మెతుకులు వడగట్టి చెత్తలో వేసి, నీళ్లు పార్కువాళ్లు చెప్పిన చోట పోయండి.

గిలక పాము (రాటిల్‌స్నేక్) కరిస్తే?

911కి ఫోన్ చేయండి. ఉంగరాలు, వాచీ తీసేసి, కరిచిన చోటు కదలకుండా ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, ఐసు పెట్టడం వద్దు. రాళ్ల మధ్య చెయ్యి, కాలు చూడకుండా పెట్టకపోతే చాలావరకు కరవదు.

నీళ్లు ఎక్కడ దొరుకుతాయి?

క్యాంప్‌గ్రౌండ్లలో కుళాయిలు ఉంటాయి. పైన రౌండ్ వ్యాలీలో వాగు, కుళాయి ఉన్నా ఆగస్టు దాటితే సన్నబడొచ్చు. బయల్దేరే ముందు రేంజర్లను అడగండి. ఏ నీళ్లైనా శుద్ధి చేయకుండా తాగొద్దు. మరిగిస్తే ఈ ఎత్తులో తెర్లడం మొదలయ్యాక మూడు నిమిషాలు ఉంచాలి. క్లోరిన్ డయాక్సైడ్ మాత్రలు చల్లటి నీళ్లలో క్రిప్టో అనే కడుపు చెడగొట్టే క్రిమిని చంపడానికి నాలుగు గంటలు తీసుకుంటాయి, అరగంటకే తాగేయకండి. గొట్టం ఫిల్టర్ ఒకసారి తడిశాక గడ్డకడితే లోపలి సన్నటి పోగులు పగులుతాయి, బయటికి ఏమీ తెలియదు. చలి రాత్రి దాన్ని జిప్ సంచిలో పెట్టి స్లీపింగ్ బ్యాగులోనే పడుకోబెట్టండి.

నడకకి పెద్దవాళ్లకి మనిషికి మూడు లీటర్లు మోయండి.

మరుగుదొడ్డి లేని చోట?

నీళ్లకి, దారికి, సైటుకి 200 అడుగుల దూరంలో, అంటే సుమారు 70 అంగలు వేసి, ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతు గుంట తీయాలి. పని అయ్యాక పూడ్చాలి. కాగితం పూడ్చకండి, జిప్ సంచిలో వెనక్కి తేవాలి. నీళ్లు వాడే మన అలవాటు ఇక్కడ లాభమే, సీసాకి బిగించే చిన్న మూత దొరుకుతుంది, మోసుకొచ్చే కాగితం ఉండదు.

శిఖరం ఎక్కడానికి ఏ దారి?

ట్రామ్ నుంచి వెళ్లేదే తేలిక. లాంగ్ వ్యాలీ, రౌండ్ వ్యాలీ, అక్కడి నుంచి నిటారుగా ఒక మైలు ఎక్కితే వెల్‌మన్ డివైడ్, ఆపై 2.7 మైళ్లు. రానూపోనూ 11 మైళ్లు, సుమారు 2,400 అడుగుల ఎక్కుడు, మామూలుగా ఆరు నుంచి ఎనిమిది గంటలు. ఆఖరి భాగంలో దారి ఉండదు, పెద్ద బండరాళ్లు పట్టుకుని ఎక్కాలి. అక్కడికి కొంచెం కిందే 1930లలో సివిలియన్ కన్జర్వేషన్ కోర్ అనే ప్రభుత్వ పనిదళం కట్టిన రాతి గుడిసె ఉంది. అది ఆపదలో తలదాచుకోవడానికి, క్యాంపింగ్‌కి కాదు.

ఐడిల్‌వైల్డ్ వైపు హంబర్ పార్క్ నుంచి డెవిల్స్ స్లైడ్ దారి అందరికీ తెలిసింది, 2.5 మైళ్లలో 8,100 అడుగుల శాడిల్ జంక్షన్ చేరుతుంది. అక్కడ నుంచే వెనక్కి వచ్చినా మంచి ఉదయపు నడక. కారు నిలపడానికి అడ్వెంచర్ పాస్ అనే ఫారెస్టు పార్కింగ్ పాస్ కావాలి, వేసవి వారాంతాల్లో ఆ దారి పర్మిట్లకి పరిమితి ఉంటుంది. మ్యారియన్ మౌంటెన్ దారి దూరంలో తక్కువ, మోకాళ్లకు ఎక్కువ.

మధ్యాహ్నం 1 గంటకి ఎక్కడున్నా వెనక్కి తిరగండి. జులై నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నం పిడుగులు పడతాయి, శిఖరం మీద దాక్కోవడానికి చోటు లేదు.

ట్రామ్ దిగగానే తలనొప్పి, వికారం వచ్చింది.

సముద్రమట్టం దగ్గర ఇంట్లో టిఫిన్ తిని మధ్యాహ్నానికి 8,500 అడుగుల్లో నిలబడితే శరీరం అలవాటు పడటానికి సమయం దొరకదు. తలనొప్పి ఒక్కటే ఉంటే కూర్చోండి, నీళ్లు తాగండి, ఎక్కుడు ఆపండి. వాంతులు, తూలడం, మాట తడబడటం ఉంటే వెంటనే కిందికి దించాలి. ట్రామ్ ఉండటం ఇక్కడ అదృష్టం, పది నిమిషాల్లో ఆరు వేల అడుగులు దిగిపోవచ్చు. "కాసేపట్లో తగ్గిపోతుందిలే" అని పైకే తీసుకెళ్లడం చేయకండి. శిఖరం ఎక్కాలనుకునేవాళ్లు ముందు రాత్రి ఐడిల్‌వైల్డ్‌లో గానీ రౌండ్ వ్యాలీలో గానీ పడుకుంటే చాలా తేడా కనిపిస్తుంది.

చంటిపిల్లలు, అమ్మమ్మలు, తాతయ్యలు రావచ్చా?

రావచ్చు. ట్రామ్‌లో చెవులు దిబ్బడ వేస్తాయి, చంటిపిల్లలకు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు పాలు పట్టండి. పైన లాంగ్ వ్యాలీలో డిస్కవరీ ట్రయల్ ముక్కాలు మైలు కూడా ఉండదు, దాదాపు చదును. స్టేషన్ నుంచి లోయలోకి దిగే సిమెంటు దారి మాత్రం తిరుగుదలలో ఎక్కుడు, గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్న పెద్దవాళ్లు డాక్టర్ని అడిగే రావాలి.

కుక్కను తేవచ్చా?

క్యాంప్‌గ్రౌండ్‌లోకి, ఆరడుగుల తాడుతో. ట్రామ్‌లోకి, పార్కు కాలిబాటల మీదికి కుదరదు.

చలికాలంలో వస్తే?

నవంబరు నుంచి ఏప్రిల్ దాకా పైన మంచు ఉండొచ్చు. లాంగ్ వ్యాలీలో పిల్లలు మంచులో ఆడుకోవడానికి ట్రామ్ చాలు, వాటర్‌ప్రూఫ్ గ్లోవ్స్ రెండు జతలు పెట్టండి, మొదటి జత అరగంటలో తడుస్తుంది. కాలిబాటల మీద మంచు పగలు కరిగి రాత్రి గాజులా గడ్డకడుతుంది. మైక్రోస్పైక్స్ (బూట్లకి తొడిగే చిన్న ఇనుప ముళ్లు) చదును దారులకే. వెల్‌మన్ డివైడ్ పైన ఏటవాలులో క్రాంపాన్లు (పొడవాటి ఇనుప ముళ్లు), ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి) ఉండి, వాటిని వాడటం వచ్చినవాళ్లే వెళ్లాలి. ఈ కొండ మీద జారిపడి చనిపోయినవాళ్లున్నారు, వాళ్లలో అనుభవం ఉన్నవాళ్లూ ఉన్నారు.

హైవే 243 మీద మంచుకి టైర్లకి గొలుసులు కట్టాలన్న నిబంధన పెడితే, ఆర్2 బోర్డు ఉన్నప్పుడు నాలుగు చక్రాలకీ స్నో టైర్లున్న ఫోర్ వీల్ డ్రైవ్ తప్ప అందరూ గొలుసులు వేయాలి. ఫోర్ వీల్ వాళ్ల కారులో కూడా గొలుసులు ఉండాల్సిందే. టైరు సైజు చూసి కొని, ఇంట్లో ఒకసారి తొడిగి చూడండి. రోడ్డు పక్క బురద మంచులో మోకాళ్ల మీద కూర్చుని సూచనల కాగితం చదవడం కష్టం.

ఫోన్ పనిచేస్తుందా?

ఐడిల్‌వైల్డ్ ఊళ్లో పనిచేస్తుంది, దారుల మీద వస్తూ పోతూ ఉంటుంది. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, చలికి బ్యాటరీ త్వరగా దిగుతుంది కాబట్టి ఫోను లోపలి జేబులో ఉంచుకోండి. ఎన్ని గంటలకి తిరిగి వస్తారో కింద ఒకరికి చెప్పండి. ఆ సమయం దాటి ఎంతసేపు చూశాక 911కి ఫోన్ చేయాలో కూడా చెప్పి వెళ్లండి.